ఎండ మారలేదు... రేటు మారింది!

సోలార్‌లో ఉద్యోగం వెతుకుతున్నారా? అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఒక చట్టం ఏం చేసిందో ముందు చూడండి.

క్యాంపస్‌కి ఓ సోలార్ కంపెనీ వచ్చిందనుకోండి. ప్రీ ప్లేస్‌మెంట్ టాక్‌లో ఏం చెబుతారో మీకు తెలిసిందే. దేశంలో ఎన్ని డాబాలున్నాయి, ఎంత ఎండ కాస్తోంది, కంపెనీ ఏటా ఎంత పెరుగుతోంది... చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్?’ అంటారు. మనం ప్యాకేజీ ఎంత, పోస్టింగ్ ఎక్కడ, బాండ్ ఉందా అని అడుగుతాం. అవి అడగాల్సినవే. కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దాన్ని దాదాపు ఎవరూ అడగరు.

‘మీ కస్టమర్ ఇంటి మీద తయారైన కరెంటు గ్రిడ్‌లోకి వెళ్తే యూనిట్‌కి ఎంత లెక్క కడుతున్నారు? ఆ లెక్క రేపు మారితే మీరేం చేస్తారు?’

ఇంటి మీద సోలార్ పెట్టించుకోవాలా వద్దా అని కుటుంబాలు తేల్చుకునేది ఈ లెక్క మీదే. కుటుంబాలు పెట్టించుకుంటేనే కంపెనీకి ఆర్డర్లు. ఆర్డర్లుంటేనే మీకు ఉద్యోగం. ఈ గొలుసు ఒక్కచోట తెగితే ఏమవుతుందో పదేళ్ల కిందట నెవాడాలో కళ్లారా చూశారు.

నెట్ మీటరింగ్ అంటే...

ముందు బేసిక్స్ ఒకసారి చూసుకుందాం. మీ ఇంటి డాబా మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లున్నాయనుకోండి. మన దగ్గర కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్ల వరకు వస్తాయని లెక్కేస్తారు. అంటే రోజుకి సుమారు 12 యూనిట్లు. కానీ అవి వచ్చేది పగలు. ఆ టైములో మీరు కాలేజీలో ఉంటారు, అమ్మానాన్న పనుల్లో ఉంటారు. ఇంట్లో ఫ్రిజ్ తప్ప పెద్దగా ఏదీ నడవదు. మిగిలిన కరెంటు మీటరు దాటి గ్రిడ్‌లోకి వెళ్లిపోతుంది. సాయంత్రం అందరూ ఇంటికొచ్చాక ఫ్యాన్లు, ఏసీ, టీవీ, గ్రైండరు అన్నీ మొదలవుతాయి. అప్పుడేమో ఎండ ఉండదు. కాబట్టి గ్రిడ్ నుంచి తీసుకుంటాం.

ఇచ్చిన యూనిట్లను, తీసుకున్న యూనిట్లను ఒకదానికొకటి సరిపెట్టి, మిగిలిన తేడాకే బిల్లు వేయడాన్ని నెట్ మీటరింగ్ అంటారు. పక్కింటివాళ్లకి గ్లాసుడు పంచదార ఇచ్చి, మనకి అవసరమైనప్పుడు గ్లాసుడు తెచ్చుకున్నట్టు. ఇచ్చిన రోజు ధరెంత, తెచ్చుకున్న రోజు ధరెంత అని ఎవరూ చూడరు. గ్లాసుకి గ్లాసు చెల్లు.

ఇంకో పద్ధతి గ్రాస్ మీటరింగ్. మీ ప్యానెళ్ల కరెంటు మొత్తాన్ని డిస్కం ఒక రేటుకి కొంటుంది. మీరు వాడే కరెంటు మొత్తాన్ని మరో రేటుకి మీకు అమ్ముతుంది. మూడోది నెట్ బిల్లింగ్. మీ ఇంట్లో మీరు వాడుకున్న సోలార్ కరెంటు మీదే. గ్రిడ్‌లోకి పంపిన దానికి మాత్రం రిటైల్ ధర కాకుండా, అంతకంటే తక్కువగా ఉండే ఇంకో రేటు కడతారు.

మూడింట్లోనూ ప్యానెల్ అదే, ఇన్వర్టర్ అదే, ఎండా అదే. ఇంటి యజమానికి పెట్టిన డబ్బు ఎన్నేళ్లలో తిరిగొస్తుందన్న లెక్క మాత్రం పూర్తిగా మారిపోతుంది.

నెవాడాలో ఏం జరిగింది?

నెవాడా అంటే తెలియకపోయినా లాస్ వెగాస్ పేరు వినే ఉంటారు. ఎడారి ప్రాంతం, ఎండకి కొదవలేదు. అక్కడ నెట్ మీటరింగ్ చట్టం 1997లోనే వచ్చింది. 2015 నాటికి జనాభాతో పోల్చి చూస్తే సోలార్ ఉద్యోగాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అది ముందు వరసలో ఉండేది. సోలార్‌సిటీ, సన్‌రన్, వివింట్ లాంటి పెద్ద కంపెనీలు అక్కడ పోటాపోటీగా పనిచేస్తుండేవి.

రాష్ట్రంలో ఎక్కువ ప్రాంతానికి కరెంటు ఇచ్చేది ఎన్‌వీ ఎనర్జీ. వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ హాథవే గ్రూపులోది. నెట్ మీటరింగ్‌కి చట్టంలో ఒక పరిమితి ఉండేది. ఇంటి సోలార్ వేగంగా పెరగడంతో ఆ పరిమితి దగ్గరపడింది. ఆ తర్వాత చేరేవాళ్ల సంగతేంటన్న ప్రశ్న వచ్చింది. దాంతో 2015లో రాష్ట్ర శాసనసభ సెనేట్ బిల్లు 374ను ఆమోదించింది. పాత పద్ధతిని 235 మెగావాట్ల దగ్గర ఆపి, ఆ తర్వాత సోలార్ ఇళ్లకి ఎంత చెల్లించాలో, వాళ్ల నుంచి ఎంత వసూలు చేయాలో ఏడాది చివరికల్లా తేల్చమని పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్‌కి అప్పగించింది. మన దగ్గరి విద్యుత్ నియంత్రణ మండలి లాంటిదే ఆ కమిషన్.

2015 డిసెంబరులో ఆ నిర్ణయం వచ్చింది. దక్షిణ నెవాడాలో సోలార్ ఇళ్లు నెలకి కట్టే స్థిర చార్జీ 12.75 డాలర్ల నుంచి విడతలవారీగా 38.51 డాలర్లకి పెరుగుతుంది. గ్రిడ్‌కి పంపే యూనిట్‌కి అప్పటిదాకా సుమారు 11 సెంట్లు జమయ్యేది. అది విడతలవారీగా 2.6 సెంట్లకి తగ్గుతుంది. తొలి విడత 2016 జనవరి 1 నుంచే మొదలు.

అన్నిటికంటే ఎక్కువ మంట పుట్టించింది ఇంకొకటి. ఈ కొత్త లెక్క కొత్తగా పెట్టించుకునేవాళ్లకే కాదు, అంతకుముందే పెట్టించుకున్నవాళ్లకి కూడా వర్తిస్తుందన్నారు. ఇరవయ్యేళ్ల లెక్కలు వేసుకుని అప్పు తీసుకున్నవాళ్లు, లీజు పత్రాల మీద సంతకాలు పెట్టినవాళ్లు ఒక్కసారిగా ఇరుక్కుపోయారు.

ఒక చిన్న లెక్క

ఈ అంకెల బరువెంతో తెలియాలంటే పెన్ను, కాగితం తీసుకోండి. ఒక ఇల్లు నెలకి 400 యూనిట్లు వాడుతుంది, ప్యానెళ్లూ 400 యూనిట్లు ఇస్తాయి అనుకుందాం. పగలు 150 యూనిట్లు ఇంట్లోనే వాడారు, 250 గ్రిడ్‌కి పంపారు, రాత్రిళ్లు 250 తీసుకున్నారు.

సోలార్ లేకపోతే: 400 యూనిట్లకి 11 సెంట్ల చొప్పున 44 డాలర్లు, స్థిర చార్జీ 12.75. మొత్తం 56.75 డాలర్లు.

పాత నెట్ మీటరింగ్‌లో: ఇచ్చింది 250, తీసుకుంది 250, చెల్లుకి చెల్లు. స్థిర చార్జీ 12.75 డాలర్లు కడితే చాలు.

కొత్త పద్ధతి చివరి విడతలో: తీసుకున్న 250 యూనిట్లకి 27.50 డాలర్లు. ఇచ్చిన 250కి జమ 6.50. స్థిర చార్జీ 38.51. మొత్తం 59.51 డాలర్లు.

ఇది అర్థం కావడానికి వేసిన లెక్క మాత్రమే. అసలు టారిఫ్‌లో సోలార్ ఇళ్లకి యూనిట్ ధర కూడా కొంత మారింది కాబట్టి నిజం బిల్లులు అచ్చం ఇలా ఉండవు. కానీ దిశ ఇదే. ప్యానెళ్లు ఉన్నా లేకపోయినా బిల్లు దాదాపు ఒకటే అయితే, పైగా ప్యానెళ్ల వాయిదా వేరే కట్టాల్సి వస్తే, కొత్తగా ఎవరు కొంటారు?

ఎవరూ కొనరని కంపెనీలకి వెంటనే అర్థమైంది. నిర్ణయం వచ్చిన కొద్దిరోజులకే సోలార్‌సిటీ నెవాడాలో అమ్మకాలు, ఇన్‌స్టలేషన్లు ఆపేసింది. 2016 జనవరిలో అక్కడ 550కి పైగా ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. సన్‌రన్ కూడా రాష్ట్రం నుంచి వెళ్లిపోతున్నట్టు చెప్పింది. ఇళ్లెక్కి ప్యానెళ్లు బిగించేవాళ్లు, ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్లు, డిజైన్ గీసేవాళ్లు, వ్యాన్లు నడిపేవాళ్లు కొత్త సంవత్సరం మొదటి నెలలోనే మళ్లీ రెజ్యూమె పట్టుకుని బయల్దేరాల్సి వచ్చింది. వాళ్ల పనిలో తప్పేమీ లేదు. ప్యానెళ్లు అంతకుముందులాగే కరెంటు ఇస్తున్నాయి.

రెండో వైపు కూడా వినండి

ఇక్కడ కరెంటు కంపెనీని విలన్‌గా చూసి ఊరుకుంటే సగం కథే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో ఈ టాపిక్ వస్తే రెండు వైపులా మాట్లాడగలగాలి.

కరెంటు కంపెనీల వాదన ఇది. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, సబ్‌స్టేషన్లు, లైన్‌మెన్ జీతాలు... ఈ ఖర్చులో చాలాభాగం యూనిట్ ధరలో కలిపే వసూలు చేస్తారు. సోలార్ ఇంటికి నెల చివర్లో బిల్లు సున్నా దగ్గరికి వస్తే, ఆ ఇల్లు రాత్రంతా వాడుకున్న తీగల ఖర్చు ఎవరు భరించాలి? ప్యానెళ్లు పెట్టించుకోలేని వాళ్ల మీద పడుతుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు, సొంత డాబా లేనివాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. నెవాడా కమిషన్ కూడా ఈ వాదనతోనే ఏకీభవించింది.

సోలార్ వైపు వాదన వేరు. ఆ ఇంటి నుంచి వచ్చిన యూనిట్ ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలోని ప్లాంటు నుంచి రాలేదు. పక్కవీధిలోనే ఖర్చయిపోతుంది. లైన్ నష్టాలు తగ్గుతాయి, కొత్త లైన్ల అవసరం తగ్గుతుంది, పొగ ఉండదు. ఈ లాభాలకి విలువ కట్టకుండా ఖర్చులే లెక్కేస్తే ఎలా అన్నది వాళ్ల ప్రశ్న.

ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే ఈ గొడవ ఒక్క రాష్ట్రంతో ఆగలేదు. మీరు ఈ రంగంలో ఎక్కడ పనిచేసినా ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది.

మళ్లీ చట్టమే తెరిచింది

నెవాడాలో గొడవ సద్దుమణగలేదు. కమిషన్ 2016 ఫిబ్రవరిలో కొత్త చార్జీలను పన్నెండేళ్ల మీద విస్తరించింది కానీ పాతవాళ్లని వదల్లేదు. చివరికి 2016 సెప్టెంబరులో దిగొచ్చింది. అప్పటికే ప్యానెళ్లు పెట్టించుకున్న, దరఖాస్తు చేసుకున్న సుమారు 32,000 మందికి పాత లెక్కే ఇరవయ్యేళ్లు కొనసాగుతుందని ఒప్పుకుంది. కానీ కొత్తవాళ్లకి దారి ఇంకా మూసే ఉంది.

2017 జూన్‌లో గవర్నర్ బ్రయాన్ శాండొవల్ అసెంబ్లీ బిల్లు 405 మీద సంతకం చేశారు. అక్కడ రాష్ట్రాన్ని నడిపేది గవర్నరే, మన ముఖ్యమంత్రిలాగా. రెండేళ్ల కిందటి సెనేట్ బిల్లు 374 మీద సంతకం పెట్టింది కూడా ఆయనే.

కొత్త చట్టం మధ్యేమార్గం పట్టింది. గ్రిడ్‌కి మిగులుగా వెళ్లిన యూనిట్‌కి రిటైల్ ధరలో మొదట 95 శాతం జమ చేస్తారు. రాష్ట్రంలో ఇలాంటి సోలార్ 80 మెగావాట్లు పెరిగిన ప్రతిసారీ తర్వాత చేరేవాళ్లకి ఆ వాటా 88, 81, చివరికి 75 శాతానికి దిగుతుంది. అంతకంటే కిందికి పోదు. మీరు చేరిన రోజు ఏ మెట్టు మీద ఉంటే ఇరవయ్యేళ్లు అదే మెట్టు. సోలార్ ఇల్లు కదా అని విడిగా ఎక్కువ స్థిర చార్జీ వేయకూడదు. అమ్మకపు ఒప్పందంలో ఏమేం రాయాలి, వారంటీ ఎన్నేళ్లుండాలి అన్నదీ చట్టంలోనే పెట్టారు. వెళ్లిపోయిన సన్‌రన్ లాంటి కంపెనీలు మళ్లీ తిరిగొచ్చాయి.

రెండు చట్టాల మధ్య తేడా గమనించండి. రెండూ చెల్లింపుని తగ్గించాయి. మొదటిసారి కమిషన్ చేతుల మీదుగా వచ్చింది ఒక్కసారిగా వచ్చింది, వెనక్కి వెళ్లి పాతవాళ్ల మీద కూడా పడింది. రెండోది మెట్లు మెట్లుగా, ముందే చెప్పి తగ్గించింది. వ్యాపారానికి రేటు తగ్గడం కంటే, ఎప్పుడు ఎంత తగ్గుతుందో తెలియకపోవడమే పెద్ద దెబ్బ. కంపెనీ తట్టుకున్నా, అందులో నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషర్ తట్టుకోలేడు.

కాలిఫోర్నియా నేర్పిన ఇంకో పాఠం

పక్క రాష్ట్రం కాలిఫోర్నియాలోనూ మూలం శాసనసభ చట్టమే. 2013లో వచ్చిన అసెంబ్లీ బిల్లు 327 నెట్ మీటరింగ్‌ని మళ్లీ లెక్కగట్టమని అక్కడి కమిషన్‌కి చెప్పింది. అలా మొదలైన మార్పులు 2022 డిసెంబరు నిర్ణయం దాకా వచ్చాయి. 2023 ఏప్రిల్ 15 తర్వాత దరఖాస్తు చేసినవాళ్లకి గ్రిడ్‌కి పంపిన యూనిట్ మీద వచ్చే జమ అంతకుముందు కంటే సగటున దాదాపు 75 శాతం తగ్గింది. కొత్త ఇన్‌స్టలేషన్లు పడిపోయాయి. చాలా కంపెనీలు సిబ్బందిని తగ్గించుకున్నాయి.

కానీ అదే సమయంలో ఇంకొకటి జరిగింది. పగలు పంపితే పెద్దగా ఏమీ రాదు, సాయంత్రం కొంటే ఖరీదు. అలాంటప్పుడు ఏం చేస్తాం? పగటి కరెంటుని దాచుకుంటాం. ప్యానెళ్లతో పాటు బ్యాటరీ కూడా పెట్టించుకునేవాళ్ల వాటా బాగా పెరిగింది. ఉత్త ప్యానెళ్లు బిగించడమే తెలిసినవాళ్లకి పని తగ్గిన చోట, బ్యాటరీ సైజింగ్ తెలిసినవాళ్లకి, ఇన్వర్టర్ సెట్టింగులు, గంటగంటకీ మారే టారిఫ్ లెక్కలు తెలిసినవాళ్లకి పని దొరికింది.

మన దగ్గర పరిస్థితేంటి?

‘అమెరికా సంగతి మనకెందుకు?’ అనుకోకండి. మన దగ్గర ఈ లెక్కని సాధారణంగా అసెంబ్లీ నేరుగా తేల్చదు. 2003 విద్యుత్ చట్టం కింద రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్లు నిబంధనలు తెస్తాయి. తెలంగాణకి, ఆంధ్రప్రదేశ్‌కి వేర్వేరు మండళ్లున్నాయి. వాటి పైన కేంద్రం నిబంధనలుంటాయి.

మనకూ ఓ చిన్న నెవాడా క్షణం వచ్చి వెళ్లింది. 2020 డిసెంబరులో కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో నెట్ మీటరింగ్ 10 కిలోవాట్ల వరకే అని, అది దాటితే గ్రాస్ మీటరింగ్ అని పెట్టారు. ఇళ్లకి పెద్ద ఇబ్బంది లేదు కానీ ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, కాలేజీల మీద సోలార్ పెట్టే కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 2021 జూన్‌లో సవరించి, 500 కిలోవాట్లు లేదా మంజూరైన లోడు, ఏది తక్కువైతే అంతవరకు నెట్ మీటరింగ్‌కి వీలు కల్పించారు. మధ్యలో గడిచింది ఆర్నెల్లే. కానీ ఆ ఆర్నెల్లలో అలాంటి కంపెనీలో చేరి ఉంటే మీ ప్రొబేషన్ పీరియడ్ ఎలా గడిచేదో ఊహించుకోండి.

ఇప్పుడైతే గాలి అనుకూలంగానే ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. కేటాయింపు రూ.75,021 కోట్లు. 3 కిలోవాట్లు, ఆపైన పెట్టించుకునే ఇంటికి గరిష్ఠంగా రూ.78,000 సబ్సిడీ. ఈ పథకంతో సుమారు 17 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం అంచనా వేసింది. తయారీ, రవాణా, అమ్మకాలు, ఇన్‌స్టలేషన్, నిర్వహణ అన్నీ అందులో కలిసే ఉన్నాయి.

ఆ అవకాశాన్ని వదులుకోమని నేను చెప్పను. కానీ సబ్సిడీ కూడా ఒక నిబంధనే అని మర్చిపోవద్దు. ఇంకో సంగతి. మన దగ్గర శ్లాబులుంటాయి. ఎక్కువ వాడేవాళ్లకి యూనిట్ ఖరీదు ఎక్కువ. కాబట్టి సోలార్‌తో బాగా లాభపడేది ఎక్కువ బిల్లు కట్టే ఇళ్లే. డిస్కంలకి మంచి ఆదాయం ఇచ్చేదీ ఆ ఇళ్లే. అవి ఒక్కొక్కటీ సోలార్‌కి మారుతుంటే డిస్కంకి నెవాడాలో వచ్చిన సందేహమే ఇక్కడా వస్తుంది. మరోవైపు తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకి బిల్లు సున్నా. వాళ్లకి ‘బిల్లు తగ్గుతుంది, సోలార్ పెట్టించుకోండి’ అని చెబితే ఏం లాభం? ఒకే వీధిలో ఏ ఇంటి తలుపు కొట్టాలో కూడా పాలసీనే చెబుతుంది.

ఏ ఉద్యోగం ఎంత గట్టిది?

నెవాడా, కాలిఫోర్నియా అనుభవాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఓ వరస కనిపిస్తుంది.

సేల్స్: రేటు మారిన మర్నాడే దెబ్బ తగిలేది ఇక్కడే. జీతంలో కమీషన్ వాటా ఎక్కువైతే ఇంకా జాగ్రత్త. కానీ కస్టమర్‌తో మాట్లాడటం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

డిజైన్, ఇన్‌స్టలేషన్: చేతిలో ఉన్న ఆర్డర్లు పూర్తయ్యే వరకు పని ఉంటుంది. ఇళ్లతో పాటు పరిశ్రమల రూఫ్‌టాప్‌లు, పెద్ద సోలార్ పార్కులు కూడా చేసే కంపెనీ అయితే ఒక తలుపు మూసుకున్నా ఇంకో తలుపు ఉంటుంది.

ఆపరేషన్, మెయింటెనెన్స్: ప్యానెళ్ల ఆయుష్షు 25 ఏళ్ల వరకు ఉంటుంది. కొత్తవి అమ్ముడుపోకపోయినా పాతవి తుడవాలి, ఇన్వర్టర్లు మార్చాలి, మానిటరింగ్ డేటా చూడాలి. మెరుపులు లేని పనే, కానీ నిలబడుతుంది.

బ్యాటరీలు, హైబ్రిడ్ సిస్టమ్స్: ఎగుమతి రేటు తగ్గేకొద్దీ వీటికి గిరాకీ పెరుగుతుంది. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లు దీనిమీద దృష్టి పెట్టొచ్చు.

రెగ్యులేటరీ, డేటా అనలిస్ట్: నిబంధన మారిన ప్రతిసారీ వీళ్లకి పని పెరుగుతుంది. టారిఫ్ ఆర్డర్ చదివి ‘దీనివల్ల మనకి ఎంత పోతుంది, ఎంత వస్తుంది’ అని చెప్పగలిగేవాళ్లు కంపెనీలకీ కావాలి, డిస్కంలకీ కావాలి, కన్సల్టెన్సీలకీ కావాలి. సీఎస్ఈ, బీకాం, ఎకనమిక్స్ వాళ్లకీ ఇక్కడ చోటుంది.

ఈ నెల్లో మీరు చేయగలిగిన పనులు

సర్టిఫికెట్ కోర్సులకి డబ్బు కట్టే ముందు ఖర్చు లేని పనులు కొన్నున్నాయి.

మొదటిది, మీ ఇంటి కరెంటు బిల్లు తీయండి. ఏ శ్లాబులో ఎన్ని యూనిట్లు, స్థిర చార్జీ ఎంత, మిగతా చార్జీలేమిటి, అన్నీ విడదీసి రాయండి. బీటెక్ పూర్తిచేసి కూడా ఇంటి బిల్లు చదవడం రానివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సిగ్గుపడక్కర్లేదు, ఓ గంట చాలు.

రెండోది, మీ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో రూఫ్‌టాప్ సోలార్ నిబంధన, తాజా టారిఫ్ ఆర్డర్ చదవండి. భాష విసుగు పుట్టిస్తుంది, నిజమే. మూడు విషయాలు మాత్రం వెతకండి. మిగులు యూనిట్‌కి ఎంత ఇస్తారు? ఎంతకాలానికి లెక్క తేలుస్తారు? ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లకి పాత నిబంధనే ఉంటుందా?

మూడోది, స్ప్రెడ్‌షీట్‌లో ఒక మోడల్ కట్టండి. ఒకే ఇల్లు, ఒకే 3 కిలోవాట్లు. నెట్ మీటరింగ్, గ్రాస్ మీటరింగ్, నెట్ బిల్లింగ్... మూడు షీట్లు. ఒక్కో దాంట్లో పెట్టుబడి ఎన్నేళ్లకి తిరిగొస్తుందో చూపించండి. ఎగుమతి రేటు ఉన్న గడిలో అంకె మారిస్తే మొత్తం మారేలా ఉండాలి. రెజ్యూమెలో ‘సోలార్ మీద ఆసక్తి ఉంది’ అని రాసే బదులు ఈ ఫైల్ చూపించండి. ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకి జరుగుతారు.

నాలుగోది, మండళ్లు టారిఫ్‌ల మీద అభ్యంతరాలు కోరతాయి, బహిరంగ విచారణలు పెడతాయి. ఒక్కసారి వెళ్లి వెనక కుర్చీలో కూర్చోండి. రైతు ఏమంటున్నాడు, పరిశ్రమలవాళ్లు ఏమంటున్నారు, డిస్కం ఏం జవాబు చెబుతోంది అన్నది వినండి. క్లాసులో పవర్ సిస్టమ్స్ పేపర్‌లో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

ఐటీఐ, డిప్లొమావాళ్లైతే సూర్యమిత్ర శిక్షణ గురించి తెలుసుకోండి. చేతిపని నేర్పే ప్రోగ్రాం అది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. డాబా అంచుల్లో పని, పైగా డీసీ కరెంటు. సేఫ్టీ బెల్టు, గ్లవ్స్ ఇవ్వని చోట ఎంత జీతమిచ్చినా చేరకండి.

ఇంటర్వ్యూలో అడగండి

మొదట్లో చెప్పిన ప్రశ్నకి మళ్లీ వద్దాం. దాన్ని మర్యాదగా నాలుగు ముక్కలుగా అడగొచ్చు.

‘సార్, మన ఆదాయంలో ఇళ్ల వాటా ఎంత, పరిశ్రమల వాటా ఎంత?’
‘ఎన్ని రాష్ట్రాల్లో పనిచేస్తున్నాం?’
‘అమ్మాక సర్వీసు మనదేనా, బయటివాళ్లకి ఇస్తామా?’
‘నెట్ మీటరింగ్ రేటు తగ్గితే బ్యాటరీల వైపు వెళ్లే ఆలోచన ఉందా?’

ఫ్రెషర్ ఇలా అడిగితే తప్పుగా అనుకుంటారేమోనని భయపడకండి. మంచి కంపెనీ అయితే ఈ ప్రశ్నలు వాళ్ల బోర్డు మీటింగులో ఎప్పుడో వచ్చి ఉంటాయి. జవాబు సిద్ధంగా ఉంటుంది. మాట దాటేస్తే, ‘అవన్నీ మీకెందుకమ్మా, టార్గెట్ చూసుకోండి’ అంటే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే. అలాంటి చోట చేరాల్సి వచ్చినా చేరండి. ఇంటి పరిస్థితులు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి, మొదటి జీతం అవసరమైనప్పుడు ఆఫర్ వదులుకోమనడం సులువు కాదు. కానీ మొదటి ఆర్నెల్లు బిగించడం నేర్చుకుంటే, తర్వాతి ఆర్నెల్లు బ్యాటరీలో, డేటానో, టారిఫ్ లెక్కో ఇంకొకటి నేర్చుకోండి.

లాస్ వెగాస్‌లో 2016 జనవరిలో ఉద్యోగం పోయినవాళ్లకి 2017 జూన్‌లో మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. మధ్యలో దాదాపు ఏడాదిన్నర. ఇంటి అద్దె, చదువు అప్పు వాయిదా అంతకాలం ఆగవు. మీ రంగంలో అలాంటి ఏడాదిన్నర వస్తే మిమ్మల్ని నిలబెట్టే రెండో పని ఏమిటో ఇప్పుడే, ఇంకా క్యాంపస్‌లో ఉండగానే తేల్చుకోండి. ఈ రాత్రికి ఆ కరెంటు బిల్లు తీసి చూడటంతో మొదలుపెట్టండి.